ఎంగిలి సీసా

మా ల్యాబులో అందరూ బాబాయ్ అని పిలిచిన మనిషి పనిలోంచి దిగిపోయి మూడు నెలలయింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని ఆస్పత్రి పత్రిక వాళ్ళు నన్ను అడిగారు. నాలుగేం ఖర్మ, నలభై రాయగలను. కానీ ఆ నలభై రాసి, రాయాల్సిన ఒక్కటీ వదిలేస్తే ఏమీ రాయనట్టే లెక్క. అందుకని మొత్తం రాస్తున్నాను. వేసుకోవడం, వేసుకోకపోవడం వాళ్ళిష్టం.

కథ ఆయనది. ఇందులో తప్పు సగానికి పైగా నాది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సింది ఆలస్యం చేయడమే నాకున్న జబ్బని ఈ మధ్యే తెలిసింది.

నేను పాథాలజిస్టుని, అంటే రోగిని చూడని డాక్టర్ని. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కో చుక్కో గాజుపలక మీద నా బల్ల దగ్గరికి వస్తుంది. మైక్రోస్కోపులో చూసి అదేమిటో రాసి సంతకం పెడతాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. నోరు కాస్త దురుసు. ఎదుటివాళ్ళు సీరియస్‌గా ఉన్నప్పుడు జోకు వేయకపోతే నాకు తోచదు. ఈ మూడు గుణాలూ ఈ కథలో పనికొస్తాయి, అంటే చెడగొట్టడానికి పనికొస్తాయి.

బాబాయ్ ఆ గాజుపలకలు తయారుచేసే టెక్నీషియన్. ముప్పై రెండేళ్ళ సర్వీసు. ఆయన తండ్రి దుకాణాల ముందు అద్దాలు తుడిచేవాడట. "ఎండ పడ్డప్పుడు మరక కనబడిందా, ఆ రోజు మా నాన్నకి ముద్ద దిగేది కాదు" అనేవారు. కొడుక్కి అదే పోలిక వచ్చింది. స్లైడును వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, మూలలు కూడా చూసి గానీ ట్రేలో పెట్టేవారు కాదు. ఎవరైనా వేలిముద్ర పడేస్తే ఏమీ అనేవారు కాదు, దాన్ని వాళ్ళ ముందే ఇంకోసారి తుడిచేవారు. దానికంటే తిడితేనే నయమని మా కుర్రకారు గొణుక్కునేవాళ్ళు.

ఆయన అసలు పని చూడాలంటే గొట్టం డాక్టరు గదికి వెళ్ళాలి. నోట్లోంచి గొట్టం దించి పొట్ట చూసే డాక్టరుగారిని వెనకాల అందరం అలాగే అంటాం, ముందు మాత్రం సార్. క్లోమం అనే గ్రంథి కడుపు వెనకాల, వెన్నుకు ఆనుకుని దాక్కుని ఉంటుంది. బయటినుంచి చేతికి అందేది కాదు. అందుకని రోగికి మత్తిచ్చి, ఎడమవైపు పడుకోబెట్టి, వేలిలావు నల్లటి గొట్టాన్ని కడుపులోకి దించుతారు. గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. దాన్ని కడుపు గోడకు ఆనిస్తే అవతల ఉన్న క్లోమం తెరమీద బూడిదరంగులో కనబడుతుంది. అందులో గడ్డ కనబడితే అదే గొట్టంలోంచి సన్నటి సూది పంపి, తెరమీద చూసుకుంటూ గడ్డలో గుచ్చి, పదీ పదిహేనుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి బయటికి లాగుతారు. ఇంత హంగామా చేస్తే సూదిలో వచ్చేది రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలూ గది మూలలో చిన్న బల్ల ముందు నిలబడ్డ బాబాయ్ చేతికి వస్తాయి.

ఆయన ఆ చుక్కను స్లైడు మీద వేయించుకుని, స్లైడును కొద్దిగా వంచేవారు. రక్తం ఒక పక్కకి జారేది. జారిన రక్తాన్ని ఒక చిన్న సీసాలోకి ఒంపేసేవారు. పలక మీద మిగిలిన తెల్లటి నలకల్ని రెండో పలకతో ఒక్క ఊపులో పరిచేవారు. తర్వాత నిమిషంలో రంగు వేసి, పక్కనే ఉన్న మైక్రోస్కోపులో చూసి రెండే మాటల్లో ఒకటి చెప్పేవారు. "దొరికింది సార్" లేదా "ఇంకోసారి సార్." మామూలుగా క్లోమానికొచ్చే క్యాన్సరు గట్టిగా, పాలిపోయి ఉంటుంది. దాని కణాలు ఆ తెల్లటి నలకల్లోనే ఉంటాయి. రక్తం అడ్డం పడితే మాకు ఏమీ కనబడదు. "స్లైడుకి శత్రువు రక్తం" అనేది ఆయన సూత్రం. ముప్పై రెండేళ్ళు నెగ్గిన సూత్రం అది. వేరే ఆస్పత్రుల నుంచి కూడా నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు.

ఒంపేసిన రక్తాన్ని సింకులో పోయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకని రోగికొక సీసా, అందులో కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ మందు, మీద రోగి నంబరు. అవన్నీ వారమంతా అల్మరాలో కింది అరలో వరసగా ఉండేవి. శనివారం సాయంత్రం పారబోసేవారు. స్లైడు తినగా మిగిలింది గనక వాటికి ఎంగిలి సీసాలని పేరు పెట్టాను. పేరు పెట్టింది నేనే, ల్యాబంతా పట్టుకుంది. బాబాయ్ కూడా నవ్వి ఊరుకున్నారు.

ఇక బస్సు డ్రైవరమ్మ.

నలభై ఒకటో ఏడు. పదకొండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది, ఒకే రూటు, నలభై ఒక్క స్టాపులు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి డిపో పక్కనే మూడో అంతస్తులో ఉంటుంది. మా దగ్గరికి రావడానికి ఏడాది ముందు నుంచి పొద్దున మొదటి ట్రిప్పులోనే ఆమెకు ఏదో అయ్యేది. చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, రోడ్డు రెండుగా కనబడేది. ఒకరోజు నడిరోడ్డు మీద బస్సాపి, "దిగండి, మా ఇల్లొచ్చేసింది" అని ప్రయాణికులకు చెప్పింది. తాగిందన్నారు. గొట్టంలో ఊదిస్తే ఏమీ లేదని తేలింది. అయినా లోకం నోరు మూయించగలమా, అయితే మాత్రలు వేస్తుందన్నారు. పంచదార నోట్లో పోసుకుంటే ఆ గడబిడ తగ్గుతోందని తనే కనిపెట్టింది. జేబులో ఎప్పుడూ పొట్లం ఉండేది. డిపోలో పంచదార డ్రైవరని పేరు పడింది.

మా ఆస్పత్రిలో ఒక పెద్దడాక్టరుకు అనుమానం వచ్చింది. క్లోమంలో అరుదుగా బఠాణీ గింజంత కణితి ఒకటి పుడుతుంది. అది అదేపనిగా ఇన్సులిన్ విడుదల చేస్తుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, మనిషి మతి తప్పి మాట్లాడుతుంది. దాన్ని తేల్చడానికి మూడు రోజులు ఏమీ పెట్టకుండా రక్తం పరీక్షలు చేస్తారు. రెండో రోజు ఆమె భయపడిపోయి పక్కమంచం వాళ్ళ టీ ట్రేలోంచి పంచదార తీసుకుని తినేసింది. లెక్క తేలలేదు. స్కానులో క్లోమం చివర చిన్న గడ్డ ఉంది. అది కణితి కావచ్చు, పుట్టుకతో అక్కడ ఇరుక్కున్న ప్లీహం ముక్క కావచ్చు. ముక్కయితే దాని జోలికి పోనక్కర్లేదు. కణితయితే కోసి తీసేస్తే ఆమె రోగం అక్కడితో సరి. ఏదో తేల్చాల్సింది సూదే.

ఆ గురువారం గొట్టం డాక్టరు నాలుగుసార్లు గుచ్చారు. నాలుగుసార్లూ రక్తమే. ఈ రకం కణితి నిండా రక్తనాళాలే ఉంటాయి, గుచ్చితే రక్తం కారక ఏం కారుతుంది. కానీ అది కణితని అప్పటికి ఎవరికి తెలుసు. బాబాయ్ అలవాటు ప్రకారం నాలుగుసార్లూ స్లైడు వంచారు, రక్తం ఒంపారు, మిగిలింది పరిచారు. అయిదోసారి గుచ్చుదామంటే రోగి దగ్గుతోంది, ఇక చాలన్నారు.

శుక్రవారం పొద్దున ఆ స్లైడ్లు నా బల్ల మీదికొచ్చాయి. ఎంత ముచ్చటైన స్లైడ్లో. ఒక్క ఎర్ర మరక లేదు. మామూలు క్లోమం కణాలు గుత్తులు గుత్తులుగా, పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు. సూది దారిలో తగిలిన మంచి గ్రంథి అది. గడ్డలోది ఒక్క కణం లేదు. నిజానికి నేను రాయాల్సింది "గడ్డలోంచి సరుకు రాలేదు, మళ్ళీ చేయండి" అని. ఆ రోజు నా ముందు ఇంకా నలభై మూడు స్లైడ్లున్నాయి. "మామూలు గ్రంథి కణాలు. కణితి కణాలు కనబడలేదు" అని రాశాను.

సంతకం పెట్టబోతుంటే బాబాయ్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. పిలవందే ఆయన రారు.

"డాక్టరమ్మా, ఆ బస్సు డ్రైవరమ్మ కేసు. రక్తం బాగా వచ్చింది. నేను చాలా ఒంపేశాను. ఒకసారి సీసా కూడా చూద్దామా? అందులో గడ్డకట్టి ఉంటుంది. తీసి మైనంలో పోసి, పల్చటి పొరలుగా కోసి చూస్తే సోమవారానికి తెలిసిపోద్ది."

నేను తల కూడా ఎత్తలేదు. "ఎంగిలి సీసాలో ఎంగిలి తప్ప ఏముంటుంది బాబాయ్? మీ స్లైడు అద్దంలా ఉంది. ఇంకేం కావాలి?"

పక్క బల్లల దగ్గరున్న ఇద్దరు టెక్నీషియన్లు నవ్వారు. నేనూ నవ్వాను. బాబాయ్ కూడా మర్యాదకి నవ్వి, "అంతేలెండి" అని వెళ్ళిపోయారు. సంతకం పెట్టేశాను. మర్నాడు శనివారం, సీసాలన్నీ పారబోశారు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ నాకు చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. నాకెక్కలేదు. పైగా మంచి జోకు వేశానని ఆ రోజంతా నాకు హుషారు.

"కనబడలేదు" అని నేను రాసింది వార్డుకి చేరేసరికి "లేదు" అయింది. డిపోకి చేరేసరికి "రోగమేం లేదు, నటన" అయింది. స్టీరింగు లాగేసుకుని ఆమెను టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. మనసు డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన ఇచ్చిన మాత్రలకి పగలంతా నిద్రపోయేది. ఏడు నెలల తర్వాత ఒక పొద్దున స్నానాలగదిలో పడి కొట్టుకుంటుంటే చెల్లెలు తలుపు విరగ్గొట్టి మా ఆస్పత్రికి తెచ్చింది. చక్కెర ఇరవై ఆరు ఉంది. మనిషి ఉండకూడని అంకె అది. రెండు రోజులకు కళ్ళు తెరిచింది.

మళ్ళీ గొట్టం, మళ్ళీ సూది. ఆ రోజు పాత రిపోర్టు చదివి బాబాయ్ నా దగ్గరికి కాదు, నేరుగా గొట్టం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. "సార్, ఈసారి స్లైడ్లొద్దు. సూదిలో వచ్చిందంతా సీసాలోకే వదలండి, రక్తంతో సహా" అన్నారట. సూదిలోంచి రక్తం దారంలా సాగి సీసాలో పడింది. గడ్డకట్టాక పాలమీద మీగడ తీసినట్టు దాన్ని తీసి, కాగితంలో చుట్టి, మైనంలో పోయించి, తనే కోశారు. శుభ్రత పిచ్చి ఉన్న ఆ మనిషి చొక్కా చేతుల మీద రక్తం మరకలు ఆ రోజే మొదటిసారి చూశాను.

మైక్రోస్కోపులో పెట్టగానే తెలిసిపోయింది. ఒకే సైజు గుండ్రటి కణాలు, ఆ రక్తం మధ్యలో వరసలు కట్టి. ఒక్కో కణం నడుమ ఉప్పూ మిరియప్పొడీ కలిపి చల్లినట్టు చుక్కలు. నా సర్వీసులో అప్పటికి నాలుగో అయిదో చూశాను ఈ రకం. ఇన్సులిన్‌ను పట్టిచ్చే రంగు వేస్తే ముక్కంతా గోధుమరంగుకు తిరిగింది. అనుమానం లేదు. రెండు వారాల్లో ఆపరేషను చేసి బఠాణీ గింజంత కణితి తీసేశారు. చక్కెర ఆ సాయంత్రానికే దారికొచ్చింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఏడు నెలలు చక్కెర చాలక మాడిన మెదడు పూర్తిగా తేరుకోలేదు. మాట బాగుంది, నడక బాగుంది. జ్ఞాపకంలో మాత్రం అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. ఆమెకి తన రూటు గుర్తులేదు.

మొదటిసారి ఎలా తప్పింది అని సూపరింటెండెంటు గారు మమ్మల్ని పిలిచారు. ఆయన గదిలో నాలుగు కుర్చీలు. గొట్టం డాక్టరు, నేను, బాబాయ్. బాబాయ్ కూర్చోలేదు. ఎవరూ అడగకముందే, "రక్తం ఒంపేసింది నేను సార్. సీసా పారబోసింది నేను. కణితి అందులోనే పోయింది" అన్నారు. కాగితం మీద కూడా అదే రాసిచ్చారు. సీసా చూద్దామా అని నన్నడిగిన మాట అందులో లేదు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయన నా వైపు ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్నని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆయన చూడనందుకు లోపల్లోపల సంతోషించాను. గొట్టం డాక్టరు గదిలోంచి ఆయన్ని తీసేసి, పాత స్లైడ్లు దాచే అల్మరాల గదికి మార్చారు. రిటైరవడానికి ఇంక ఆరు నెలలే ఉంది. ఆ కాగితం మీద "చర్య సబబే" అని నేనూ ఒక సంతకం పెట్టాను. సంతకాలకేం తక్కువ లేదు నా దగ్గర.

అల్మరాల గదికి కిటికీ లేదు. ఆయన అక్కడ కూడా ట్యూబులైటు కింద స్లైడ్లు తుడుస్తూ కనబడేవారు. నేను ఆ వైపు వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి మెట్లెక్కేదాన్ని. ఎదురుపడితే మాత్రం "బాగున్నారా డాక్టరమ్మా" అని ఎప్పటిలాగే అడిగేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ల్యాబులో ఎవరు సీసా మాటెత్తినా నేను వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని. నా కోపం ఎక్కువైందని, బీపీ చూపించుకోమని అందరూ సలహా ఇచ్చారు.

రిటైరవడానికి మూడు వారాలుందనగా ఆయనే నా గదికి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి, "ఆదివారం ఆ డ్రైవరమ్మ ఇంటికి వెళ్దామనుకుంటున్నాను" అన్నారు.

"ఎందుకు బాబాయ్?"

"ఆవిడకి ఎవరూ చెప్పలేదు కదా. మొదటిసారే దొరకాల్సింది, నా చేతిలో పోయిందని. చెప్పకుండా ఇంటికెళ్ళి కూర్చుంటే నాకు నిద్రపట్టదు."

"చెప్తే గొడవవుతుంది. కేసు వేస్తారు."

"వేస్తే వేస్తారు. వాళ్ళ హక్కు."

నేను కూడా వస్తానన్నాను. ఆయనకి తోడుగా అని చెప్పాను. అసలు సంగతి, ఆయన అక్కడ నా మాట ఎత్తుతారేమోనని నా భయం. ఎత్తితే ఆపడానికి వెళ్ళాను.

మూడో అంతస్తు. చెల్లెలు తలుపు తీసింది. ఆస్పత్రి వాళ్ళమంటే లోపలికి రమ్మంది. ముందుగదిలో గోడకి ఒక పొడుగాటి కాగితం అంటించి ఉంది, నలభై ఒక్క స్టాపుల పేర్లు, నంబర్లు వేసి, పెద్ద అక్షరాలతో. డ్రైవరమ్మ దానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళు తగ్గి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నేను ఊహించుకున్న మనిషిలా లేదు. నేను ఊహించుకోవడమేమిటి, అంతకు ముందు ఆవిడని చూసింది లేదు.

"సమయానికొచ్చారు. మా చెల్లికి ఓపిక తక్కువ. మీరు చూస్తుండండి, నేను చెప్తాను" అంది నాతో. కళ్ళు మూసుకుంది. "డిపో. రెండో గేటు. మిల్లు మలుపు. పాత పోస్టాఫీసు. నీళ్ళ ట్యాంకు." పదహారు దాకా తడుముకోకుండా చెప్పింది. పదిహేడు దగ్గర ఆగింది. చేతులు స్టీరింగు తిప్పుతున్నట్టు గాల్లో ఎడమవైపుకి తిరిగాయి. పేరు రాలేదు. నేను కాగితం మీద చూశాను. కళ్ళాసుపత్రి.

"చెప్పకండి, అదే వస్తది" అంది. రాలేదు.

అప్పుడు బాబాయ్ చెప్పారు. కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మొదట్నించీ చెప్పారు. సూదిలో రక్తం రావడం, తాను స్లైడు వంచడం, ఒంపిన రక్తంలోనే ఆమె రోగం ఉండటం, దాన్ని శనివారం పారబోయడం. "నా స్లైడు శుభ్రంగా ఉండాలన్న పట్టింపు తప్ప నాకింకో ఆలోచన లేకపోయిందమ్మా. మీ ఏడు నెలలు నా వల్ల పోయాయి" అన్నారు.

డ్రైవరమ్మ లేచి, బీరువా మీంచి ఒక ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి, టేపు వేసి ఉంది. ఏడు నెలలు డిపోలో ఆమె ఏం చెప్పుకోబోయినా ఈ కాగితమే ఆమె మొహాన పెట్టేవారట, చూడు నీకేం రోగం లేదని రాశారు అని.

"దీని కింద సంతకం మీదేనాండీ?"

"కాదమ్మా. అది పద్ధతి ప్రకారం ఆఫీసులో పెడతారు. తయారుచేసింది మాత్రం..."

"బస్సు గుద్దితే విజిలేసిన కండక్టర్ని అడగరండీ. స్టీరింగు ఎవరి చేతిలో ఉందో వాళ్ళని అడుగుతారు. ఇదెవరి సంతకం?"

బాబాయ్ నేలకేసి చూశారు. ఆయన చెప్పరని నాకు తెలుసు. చెప్పరన్న ధైర్యం మీదే ఇన్నాళ్ళూ బతికాను. ఆ క్షణంలో అది ఎంత నీచమైన బతుకో అర్థమై నాకు తల కొట్టేసినట్టయింది.

"నాది" అన్నాను.

అన్నాక ఇంక ఆపలేదు. బాబాయ్ శుక్రవారం వచ్చి సీసా చూద్దామా అని అడిగారని, నేను తల ఎత్తకుండా జోకు వేశానని, అందరం నవ్వామని, విచారణలో నోరు మూసుకున్నానని, ఇప్పుడు కూడా ఆయన నోరు మూయించడానికే వచ్చానని అన్నీ చెప్పాను.

చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "నవ్వారా?" అని అడిగింది. అంతే. అరవలేదు.

"నవ్వాను" అన్నాను.

డ్రైవరమ్మ అడిగింది, "శుక్రవారం నాడు ఆ సీసా అక్కడే ఉందా?"

"ఉంది. కింది అరలో."

"శుక్రవారం మేము కూడా అక్కడే ఉన్నాం. కింద బెంచీ మీద. రిపోర్టు కోసం పొద్దున్నించి సాయంత్రం దాకా." ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "గుర్తుందా నీకు? నాకైతే ఇది గుర్తుంది చూడు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "అవన్నీ తర్వాత. ఇది పట్టుకోండి" అని గోడ మీది కాగితం ఊడదీసి నా చేతికిచ్చింది. "మళ్ళీ మొదట్నించి. ఈసారి తప్పితే చెప్పండి. మీరు చెప్పాల్సింది చెప్పకపోతే ఏమవుతుందో చూశాం కదా."

డిపో, రెండో గేటు, మిల్లు మలుపు. పదిహేడు దగ్గర ఆగింది. నేను చెప్పాను. మళ్ళీ మొదటికి వచ్చింది. అలా గంటన్నర. లేవబోతుంటే, "వచ్చే ఆదివారం కూడా రండి" అంది. క్షమించానని అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. నేను ఇప్పటికీ ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ముప్పై నాలుగు దాకా వచ్చాం. లైసెన్సు తిరిగి ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. తను మాత్రం ఆగడం లేదు.

ఆ సాయంత్రం డిపో ముందు బస్సు కోసం నిలబడ్డాం, బాబాయ్, నేను. "రేపు సూపరింటెండెంటు గారికి అంతా రాసిస్తాను. మీ కాగితం తీసేయిస్తాను" అన్నాను.

"మీది రాయండి డాక్టరమ్మా. రాస్తే మంచిదే. నాది మాత్రం తీయించకండి."

"ఎందుకు బాబాయ్? మీరు అడిగారు కదా. వినంది నేను."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు, రెండు వైపులా, మూలలు కూడా.

"అడిగాను. ఒక్కసారే అడిగాను. మీరు నవ్వారు, నేనూ నవ్వేసి వెళ్ళిపోయాను. నాకు అనుమానం పోలేదు, అయినా వెళ్ళిపోయాను. రెండోసారి అడగాల్సింది."

బస్సొచ్చింది, డ్రైవరమ్మ రూటుదే. ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాం. పదిహేడో స్టాపు రాగానే కండక్టరు "కళ్ళాసుపత్రి" అని అరిచాడు. నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు, బస్సు ఎడమవైపుకి తిరిగింది.